తాడు లాగక మునుపే
(మారిషస్ జలపాతాల గండిలో ఒక కుటుంబ యాత్ర)

కొండల మీద పుట్టిన ఏరు సముద్రాన్ని చేరే దారిలో రాతిని కోసుకుంటూ పోతుంది. యుగాల తరబడి సాగిన ఆ కోత వల్ల ఏర్పడిన ఇరుకైన, లోతైన లోయను మన పెద్దలు ‘గండి’ అన్నారు. కడప జిల్లాలో పెన్నా నది కొండలను చీల్చుకుని పోయే చోట వెలసిన కోటకు గండికోట అన్న పేరు అందువల్లనే వచ్చింది. అటువంటి గండిలోకి పైనుండి దిగి, నీటి వెంట నడుస్తూ, ఈదుతూ, జలపాతం ఎదురైన చోట తాడు ఆధారంగా జారుతూ, మడుగు కనిపించిన చోట దూకుతూ దిగువకు చేరుకునే సాహస క్రీడను నేడు ప్రపంచమంతటా ‘క్యాన్యనింగ్’ అని పిలుస్తున్నారు.

ఫ్రాన్సు దేశస్థుడైన ఎడ్వార్ మార్టెల్ 1905లో తన బృందంతో వెర్డన్ గండిని దాటినప్పుడు అది శాస్త్ర పరిశోధన. తరువాతి తరాలలో గుహాన్వేషకులు, పర్వతారోహకులు తమ తాళ్ళను, కొక్కేలను ఈ లోయలలోకి తెచ్చారు. ఇప్పుడది సెలవుల వినోదం. మారిషస్, రీయూనియన్, బాలి, ఫిలిప్పీన్స్‌లోని సెబు వంటి ఉష్ణమండల ద్వీపాలకు విహారానికి వెళ్ళిన కుటుంబాలకు దీని ప్రకటనలు అడుగడుగునా కనిపిస్తాయి. విదేశాలలో ఉద్యోగాలు చేస్తున్న మన బిడ్డలు తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకుని ఇటువంటి చోట్లకు తీసుకుపోవడం కూడా మనం చూస్తున్నాము. కనుక ఇది మనకు సంబంధం లేని విషయమని అనుకోవడానికి వీలు లేదు. పిల్లలను వెంటబెట్టుకుని గండిలోకి దిగే ముందు ఇంటి పెద్ద ఏమి చూడాలి, ఏమి అడగాలి, ఎక్కడ ఆగాలి అన్నది మేము కళ్ళారా చూసినదాని ఆధారంగా పాఠకుల ముందుంచుతున్నాము.

చింత పేరు గల ఏరు

మా పెద్దల్లుడు ఉద్యోగరీత్యా మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉంటున్నారు. పిల్లలకు దసరా సెలవులు, మా మదరసాకు అర్ధసంవత్సర పరీక్షల సెలవులు కలిసి రావడంతో అక్టోబరులో పది రోజుల కోసం మేము అక్కడికి వెళ్ళాము. మా శ్రీమతి, పదిహేడేళ్ళ చిన్నమ్మాయి, పదమూడేళ్ళ అబ్బాయి మా వెంట ఉన్నారు.

మారిషస్ అగ్నిపర్వతాల నుండి పుట్టిన ద్వీపం. వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. తెలుగువారికి అది పరాయి నేల కాదు. 19వ శతాబ్దంలో గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నుండి చెరకు తోటల పనికి తరలిపోయిన కూలీల సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఆ రేవు పేరు మీదనే అక్కడివారు తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కాకినాడ ప్రాంతం వారమైన మాకు, ఇంటికి కూతవేటు దూరంలోని పల్లె పేరు హిందూ మహాసముద్రపు ఆవలి అంచున వినబడడం ఒక వింత అనుభూతిని కలిగించింది.

ద్వీపానికి నైరుతి భాగంలో తమారిన్ అనే నది ఉన్నది. హెన్రియెట్టా గ్రామ సమీపంలో అది పీఠభూమి అంచు నుండి మెట్టు మెట్టుగా కిందికి దూకుతుంది. ఫ్రెంచివారు ఆ చోటికి ‘ఏడు జలపాతాలు’ అని పేరు పెట్టారు. ఫ్రెంచి భాషలో తమారిన్ అంటే చింత. ఆ మాటకు మూలం అరబీలోని ‘తమ్ర్ హిందీ’, అనగా హిందూదేశపు ఖర్జూరం. మన పెరటి చింతకాయ అరబ్బుల నోట ఖర్జూరమై, ఫ్రెంచివారి నోట నదిగా మారి మా ముందు ప్రవహిస్తుంటే, జీవితమంతా అరబీ పాఠాలతో గడిపిన మాకు ముచ్చట కలిగింది. క్యాన్యనింగ్ కోసం మా అల్లుడు ఏర్పాటు చేసినది ఈ ఏటిలోనే.

ఎండ ఇక్కడ, వాన అక్కడ

నిర్ణయించుకున్న రోజు ఫజ్ర్ నమాజు ముగించుకుని పోర్ట్ లూయిస్ నుండి బయలుదేరినప్పుడు ఆకాశంలో మబ్బు తునక లేదు. హెన్రియెట్టా దగ్గర గైడు మా కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన తాళ్ళ సంచి విప్పలేదు. ముందుగా ఒక్కరే ఏటి ఒడ్డుకు వెళ్ళి, కొంతసేపు నిలబడి నీటిని చూసి వచ్చారు. వచ్చి, “ఈ రోజు వద్దు” అన్నారు. ఆయన క్రియోలు భాషలో చెప్పిన కారణాలను అల్లుడు మాకు వివరించారు. రాత్రి పైన క్యూర్‌పిప్ వైపు వాన కురిసింది. నీరు తేనీటి రంగుకు తిరిగింది. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకువస్తున్నాయి. జలపాతం హోరు ముందురోజు కంటే హెచ్చుగా ఉన్నది.

ఎండ కాస్తుంటే వాన భయమేమిటని మా పిల్లలకు సందేహం కలిగింది. దాని సమాధానం ఆ ద్వీపపు నైసర్గిక స్వరూపంలోనే ఉన్నది. ఆగ్నేయ దిశ నుండి వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకువచ్చి మధ్యనున్న పీఠభూమి మీద కురిపిస్తాయి. క్యూర్‌పిప్ పట్టణం 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉండి తరచుగా వానలో తడుస్తుంది. పశ్చిమ తీరం కొండల చాటున ఉండి ఎండగా, పొడిగా ఉంటుంది. పైన కురిసిన వాన కిందికి రావడానికి దారి ఈ ఏళ్ళే. గండిలో ఉన్న మనిషికి రెండు రాతి గోడల నడుమ పట్టీ అంత ఆకాశం మాత్రమే కనిపిస్తుంది. అది నీలంగా ఉన్నంత మాత్రాన ఏరు నెమ్మదిగా ఉందని అర్థం కాదు.

ఇది ఊహ కాదు. 1999 జూలై 27న స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ సమీపంలో సాక్సెటెన్ వాగులో క్యాన్యనింగ్ చేస్తున్న బృందాలను, ఎగువన కురిసిన గాలివాన వల్ల వచ్చిన వరద ఒక్కసారిగా ముంచెత్తింది. 21 మంది చనిపోయారు. వారిలో ముగ్గురు గైడులు. అనగా, ఆ వాగును ఎరిగినవారు కూడా ఆ రోజు బయటపడలేకపోయారు. దిగిన తరువాత అనుభవం చేయగలిగినది కొద్దిగానే ఉంటుందని, దిగక ముందు అది చేయగలిగినది ఎంతో ఉంటుందని ఆ సంఘటన చెబుతున్నది.

నీరు పెరగడానికి వాన కూడా అవసరం లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులను మన ప్రజలు ఇంకా మరచిపోలేదు. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి వదిలిన నీరు 24 మంది విద్యార్థులను, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుణ్ణి తీసుకుపోయింది. తమారిన్ జలపాతాలకు ఎగువన కూడా ఒక జలాశయం ఉన్నది. ఏ ఏటిలోకి దిగుతున్నా, పైన ఆనకట్ట ఉన్నదా, దాని నీటి సంగతి గైడుకు ఏ విధంగా తెలుస్తుంది అన్నది అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఆ ఉదయం మాతోపాటు మరొక కుటుంబం కూడా వచ్చింది. మరునాడే తమకు విమానమున్నదని, ఇంత దూరం వచ్చి ఊరకే తిరిగి పోవాలా అని వారు చాలాసేపు వాదించారు. మా అబ్బాయి ముఖం కూడా చిన్నబోయింది. గైడు కోప్పడలేదు, బతిమాలలేదు. డబ్బు తిరిగి తీసుకోవచ్చునని, లేదా రెండు రోజులు ఆగి రావచ్చునని చెప్పి తాళ్ళ సంచిని బండిలో పెట్టేశారు. ఆ పూట ఆయన కూలి పోయింది. తన సంపాదనను పోగొట్టుకుని మన పిల్లలకు ‘వద్దు’ అని చెప్పగలిగినవాడే వారిని అప్పగించదగిన మనిషి అని మాకు ఆ క్షణంలోనే అనిపించింది.

వేలాడేది ఏదీ ఉండరాదు

రెండు రోజుల తరువాత ఏరు తేటపడింది. ఈసారి గైడు నీటిని చూసి వచ్చి సంచి విప్పారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మా శ్రీమతి, చంటిబిడ్డ తల్లి అయిన పెద్దమ్మాయి పైనే ఉండిపోయారు. అల్లుడు, పిల్లలిద్దరు, మేము దిగడానికి సిద్ధమయ్యాము.

తలకు హెల్మెట్, ఒంటికి వెట్‌సూట్, నడుముకూ తొడలకూ బిగించే పట్టీల హార్నెస్ ప్రతి ఒక్కరికీ తప్పనిసరి. ఉష్ణమండలంలో వెట్‌సూట్ ఎందుకని అనిపించవచ్చు. నీరు మన ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగివేస్తుంది. పిల్లల ఒళ్ళు చిన్నది కనుక వారు పెద్దల కంటే ముందుగా చల్లబడతారు. మూడు నాలుగు గంటలు నీడలో, తడిలో ఉన్న పిల్లవాడికి వణుకు పుట్టిందంటే అది ఆట ముగించవలసిన సమయం.

ఉడుపు విషయంలో మన ఇళ్ళలో అనేకులకు సంకోచం ఉంటుంది. మా చిన్నమ్మాయి నిండు చేతుల బట్టల మీద వెట్‌సూట్, దాని పైన మోకాళ్ళ దాకా వచ్చే ఈత అంగీ వేసుకుంది. తలకు దుపట్టాకు బదులు మెడ దాకా బిగుతుగా పట్టి ఉండే తలతొడుగు పెట్టుకుని, దాని మీద హెల్మెట్ ధరించింది. ఆమె హార్నెస్ పట్టీలను అక్కే బిగించింది. ఏ కట్టు ఎక్కడ ఉండాలో గైడు మాటతో చెబుతూ నిలబడి, చివరకు కొక్కెం ఒక్కటి లాగి చూశారు. ముందుగా మర్యాదగా చెబితే ఇటువంటి ఏర్పాటుకు ఎవరూ కాదనరు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ఒంటి మీద వేలాడేది ఏదీ ఉండరాదు. తాడు ఎనిమిది అంకె ఆకారంలోని లోహపు బిళ్ళ గుండా ఒరుసుకుంటూ జారుతుంది. ఆ ఒరిపిడే మనిషి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. దుపట్టా కొంగు, జడ, హారం వంటిది ఏదైనా ఆ బిళ్ళలో చిక్కుకుంటే మనిషి గోడ మధ్యలో వేలాడవలసి వస్తుంది. ఈ నియమం గడ్డానికి కూడా వర్తిస్తుందని చెబుతూ ఆయన మా వంక చూశారు. మేము గడ్డాన్ని వెట్‌సూట్ మెడలోకి దోపుకుంటుంటే పిల్లలిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

బయలుదేరే ముందు ఆయన మరొక మాట చెప్పారు. “లోపల ఎవరూ ఎవరినీ తొందరపెట్టవద్దు. నీటి హోరులో నలుగురు నాలుగు మాటలు అరిస్తే భయపడినవారికి ఒక్కటీ వినబడదు. దిగేవారితో నేను ఒక్కడినే మాట్లాడతాను.” తండ్రులకు ఈ నియమం పాటించడం ఎంత కష్టమో ఆ తరువాత గంటలోనే తెలిసింది.

తాడు కింద పడిన చప్పుడు

మొదటి దిగుడు మూడంతస్తుల మేడ ఎత్తు ఉంటుంది. గోడ పైన రాతిలోకి దిగగొట్టిన రెండు ఉక్కు కొక్కేలు, వాటిని కలిపే గొలుసు, గొలుసుకు ఒక ఉంగరం. ఆ ఉంగరం గుండా తాడు దూర్చి కిందికి వదిలారు. దిగేవారు గోడకు ఎదురుగా తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు వెనుకకు వాలి, కాళ్ళు ఎడంగా పెట్టి, అడుగు వెనుక అడుగు వేయాలి. కింది భాగపు తాడును పట్టిన చేతిని ఎట్టి పరిస్థితిలోనూ వదలరాదు. నాచు పట్టిన నల్లరాతి మీద నిటారుగా నిలబడాలనుకున్నవారి కాలు జారుతుంది. వెనుకకు వాలడానికి ధైర్యం చేసినవారి కాలు నిలబడుతుంది. అల్లుడు ముందు దిగారు. తరువాత చిన్నమ్మాయి, అబ్బాయి, మేము వరుసగా దిగాము.

గైడు అందరికంటే చివరగా దిగి వచ్చారు. రాగానే తాడు ఒక కొసను పట్టి లాగారు. బావి గిలక మీద చేదతాడు జారినట్టు రెండవ కొస పైకి పోయి, ఉంగరం దాటి, గాలిలో మెలికలు తిరిగి ఛళ్ళున నీటిలో పడింది. తరువాతి జలపాతానికి అదే తాడు కావాలి కనుక ప్రతి దిగుడు దగ్గరా ఇలాగే లాగుతారు. ఆ చప్పుడుతో వచ్చిన దారి మూసుకుపోతుంది. కొన్ని గండులలో మధ్యలో పైకి ఎక్కే కాలిబాటలు ఉంటాయి. ఎన్నో గండులలో ఉండవు. తాడు కింద పడిన తరువాత ముందుకు పోవడమే మిగులుతుంది. వాతావరణం గురించి, పిల్లల శక్తి గురించి, గైడు యోగ్యత గురించి మనం వేయవలసిన ప్రశ్నలన్నిటికీ గడువు ఆ చప్పుడు దాకానే.

పదమూడేళ్ళ పిల్లవాడి ‘వద్దు’

రెండవ జలపాతం అంచున మా అబ్బాయి ఆగిపోయాడు. చిన్నమ్మాయి, అల్లుడు అప్పటికే కిందికి చేరారు. అబ్బాయి రెండు చేతులతో గొలుసు పట్టుకుని, “అబ్బా, నా వల్ల కాదు” అన్నాడు. పైకి పోవడానికి తాడు లేదు. కింద అక్క చేయి ఊపుతున్నది. ఇటువంటి వేళ తండ్రి నోట సాధారణంగా వచ్చే మాటలు అందరికీ తెలిసినవే. మగపిల్లవాడివి, నీకు భయమేమిటి? అక్క దిగలేదా? చెల్లించిన డబ్బు దండగేనా? ఈ మాటలలో ఏదీ పిల్లవాడి భయాన్ని తీసివేయదు. భయానికి సిగ్గును జోడిస్తుంది. గైడు పెట్టిన నియమం మేరకు మేము మౌనంగా నిలబడ్డాము.

ఆయన వాడి పక్కన చతికిలబడి కూర్చున్నారు. తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో దేనికి భయమని అడిగారు. వాడు చెప్పిన సమాధానం మాలో ఎవరమూ ఊహించనిది. వాడికి ఎత్తు అంటే భయం లేదు. మొదటి దిగుడులో నీటిధార ముఖం మీద పడి రెండు క్షణాలు ఊపిరి ఆడలేదు. మళ్ళీ అలా జరుగుతుందని భయం. అడగకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆయన లేచి తాడును ధారకు దూరంగా, రాతి పొడి అంచు వైపుకు మార్చారు. వాడు తాడును అదుపు చేసే పని లేకుండా, వాడి హార్నెస్‌కు తాడు కట్టి పైనుండి తానే నెమ్మదిగా వదులుతానని చెప్పారు. వాడు మూడుసార్లు ఊపిరి పీల్చుకుని వెనుకకు వాలాడు. కింద నీటిలో కాలు పెట్టేసరికి వాడి పెదవులు వణుకుతున్నాయి. ఎండ పడే బండ మీద కూర్చోబెట్టి, మా సంచిలోని ఖర్జూరాలు నాలుగు తినిపించి, వణుకు తగ్గేదాకా అందరం ఆగాము. గండిలో కుటుంబం నడక అందరిలోకీ నెమ్మదైనవాడి నడకే.

ఆ దిగువన మడుగులోకి దూకే చోటు వచ్చింది. గైడు ముందురోజు కూడా అక్కడికి వచ్చినవారే. అయినా ముందుగా తాను దిగి, మునిగి, అడుగును కాళ్ళతో తడిమి చూశారు. ఒక్క రాత్రి వరదకు బండరాళ్ళు చోటు మారుతాయి. నిన్న లోతుగా ఉన్నది ఈ రోజు లోతుగా ఉంటుందన్న హామీ లేదు. ఆయన అనుమతి ఇచ్చాక చిన్నమ్మాయి చేతులు ఛాతీకి కట్టుకుని, కాళ్ళు కిందికి ఉంచి దూకింది. అబ్బాయి అంచు దాకా వెళ్ళి, చూసి, “నేను దూకను” అన్నాడు. గైడు తల ఊపి, పక్కనుండి దిగే రాతి మెట్లు చూపించారు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. పైన రాతి గూళ్ళ నుండి పొడవైన తెల్లని తోక గల సముద్రపక్షి ఒకటి లేచి గండి మీదుగా ఎగిరిపోతుంటే అందరమూ దానిని చూస్తూ నిలబడిపోయాము.

జొహర్ వేళకు కాలిబాట మీదుగా పైకి చేరాము. ఆ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి తల్లికి కథంతా తానే చెప్పాడు. గొలుసు పట్టుకుని ఆగిపోయిన సంగతి, దూకనన్న సంగతి కూడా దాచుకోలేదు. మాకు ఆ యాత్రలో దక్కిన లాభం అదే. భయపడ్డానని ఇంట్లో నిస్సంకోచంగా చెప్పగలిగిన పిల్లవాడు, రేపు స్నేహితులు చెరువు గట్టున, క్వారీ గుంత దగ్గర దూకమని రెచ్చగొట్టినప్పుడు కూడా ‘దూకను’ అనగలుగుతాడు. ప్రతి వేసవిలో మన జిల్లాలలో ఈత సరదాకు బలి అవుతున్న పిల్లలలో ఎందరికి ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయి ఉంటుందో ఆలోచించవలసి ఉన్నది.

దిగే ముందు అడగవలసినవి

ఇటువంటి యాత్రకు వెళ్ళదలచినవారు కొన్ని విషయాలు ముందుగా తేల్చుకోవాలి. గైడు ఈ పనిలో శిక్షణ పొందినవారా, ఒక్కొక్కరికి ఎందరిని అప్పగిస్తారు, పిల్లల వయసుకు, బరువుకు కనీస పరిమితి ఎంత, వాన వస్తే రద్దు చేసి డబ్బు తిరిగి ఇస్తారా, మధ్యలో పైకి ఎక్కే దారి ఎక్కడ ఉన్నది? డబ్బు తిరిగి ఇవ్వనివారు వాన రోజున కూడా దించడానికి మొగ్గు చూపుతారని గ్రహించాలి. మారిషస్‌లో నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు, తుపానుల కాలం. పొరుగున ఉన్న రీయూనియన్‌లో 1966 జనవరిలో ఒక తుపాను వేళ 24 గంటలలో 1,825 మిల్లీమీటర్ల వర్షం కురిసి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ నెలలలో గండుల జోలికి పోకపోవడం మేలు.

ప్రయాణ బీమా పత్రాన్ని చదవాలి. అనేక బీమాలు సాహస క్రీడలలో జరిగిన ప్రమాదానికి వర్తించవు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు దిగరాదు. ఒంటి మీద మానని పుండు ఉన్నవారు కూడా ఆగాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకుతుంది. యాత్ర తరువాత రెండు వారాల లోపు జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే ఏటిలో దిగిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. గండిలో కాలం మన చేతిలో ఉండదు కనుక ఫజ్ర్ కాగానే బయలుదేరి జొహర్ నాటికి పైకి చేరేటట్టు చూసుకుంటే నమాజుకూ ఇబ్బంది ఉండదు, మధ్యాహ్నపు వానలూ తప్పుతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లోనే జరగాలి. బయలుదేరే ముందు రాత్రి అందరినీ కూర్చోబెట్టి, ‘వద్దు’ అనే హక్కు ఈ యాత్రలో ప్రతి ఒక్కరికీ ఉన్నదని, ఆ మాట అన్నవారిని ఎవరూ ఎగతాళి చేయరాదని ఇంటి పెద్ద తన నోటితో చెప్పాలి. తరువాత అందరిలోకీ చిన్నవారిని ముందుగా అడగాలి. వారు తల అడ్డంగా ఊపితే, హోటలు ముందు సముద్రపు ఇసుకలో ఆడుకోవడానికి ఆ రోజంతా ఉన్నది.